బ్రకోలీకి ఆవ పెట్టండి: షుగర్ ఉన్నవాళ్ల రక్తనాళాల కోసం వంటింట్లో ఏం చేయాలి

ఒక మే నెలలో పొద్దున పదకొండు గంటల వేళ మా అమ్మ పటమట రైతుబజారు నుంచి కూరల సంచీతో ఇంటికి వచ్చింది. కుడికాలికి చెప్పు లేదు. "చెప్పేదమ్మా?" అని అడిగితే కిందకు చూసుకుని, "అయ్యో, ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదే" అంది. విజయవాడ మే ఎండలో తారురోడ్డు ఎలా కాలుతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అరికాలంతా బొబ్బలెక్కింది. ఆమెకు మాత్రం నొప్పి తెలియలేదు. అప్పటికి ఆమెకు షుగర్ వచ్చి పదహారేళ్లు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. అయినా అప్పటిదాకా షుగర్ జబ్బంటే రక్తంలో చక్కెర పెరగడమనే అనుకున్నాను. అసలు దెబ్బ తినేది రక్తనాళాలు. సన్న నాళాలు పాడైతే కంటి రెటీనా, కిడ్నీ, నరాలు దెబ్బతింటాయి. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, చివరికి మొద్దుబారడం అలా వచ్చేవే. పెద్ద నాళాలు పాడైతే గుండెపోటు, పక్షవాతం, కాళ్లకు రక్తం సరిగా అందకపోవడం. అమ్మ మాత్రలు ఒక్కపూట కూడా మానలేదు. వాటికి తోడుగా తినే కూరతో ఏమైనా మేలు చేయగలమా అని వెతకడం మొదలుపెట్టాను. మా వంటింట్లో ఇప్పుడు చేస్తున్న పద్ధతి మీకు వరుసగా చెప్తాను. ముందు దీని వెనకున్న విషయం కొంచెం తెలుసుకోవాలి. అది తెలియకపోతే బ్రకోలీ కొని, ఉడకబెట్టి, అందులో ఉన్న మేలంతా మీ చేతులతోనే పోగొడతారు.

అది కూరగాయలో ఉండదు, కోసినప్పుడు పుడుతుంది

నేను చెప్పబోయే పదార్థం పేరు సల్ఫోరఫేన్. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలలే బృందం బ్రకోలీ నుంచి దీన్ని వేరు చేసింది. అప్పట్లో వాళ్ల దృష్టంతా క్యాన్సర్ మీదే. 2008లో ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయంలో పాల్ థోర్నాలీ బృందం దీన్ని షుగర్ జబ్బు వైపు నుంచి చూసింది. మనిషి సన్న రక్తనాళాల లోపలి పొర కణాలను ప్రయోగశాలలో పెంచి, గ్లూకోజు ఎక్కువగా ఉన్న ద్రవంలో ఉంచి, సల్ఫోరఫేన్ ఇచ్చారు. గ్లూకోజు ఎక్కువైనప్పుడు కణాల్లో పుట్టి వాటిని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ అణువులు 73 శాతం తగ్గాయి.

అది ఎలా జరిగిందంటే, మన కణాల్లో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే కాపలాదారు ప్రొటీన్ ఉంటుంది. మామూలు వేళల్లో కీప్1 అనే ఇంకో ప్రొటీన్ దాన్ని కదలనివ్వకుండా పట్టుకుని ఉంటుంది. సల్ఫోరఫేన్ వెళ్లి కీప్1కి అతుక్కుంటే ఆ పట్టు వదులుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 కణకేంద్రకంలోకి వెళ్లి, కణాన్ని కాపాడే ఎంజైములను తయారుచేసే జన్యువులను మేల్కొలుపుతుంది. అంటే సల్ఫోరఫేన్ మన ఒంటికి బయటి నుంచి రక్షణ తెచ్చి ఇవ్వడం లేదు. ఒంట్లో ఉన్న రక్షణనే పనికి పంపుతోంది.

కానీ అది ప్రయోగశాలలో కణాల మీద చేసిన పని. మనుషుల్లో చూసినవి వేరే ఉన్నాయి. 2017లో స్వీడన్‌లో టైప్ 2 షుగర్ ఉన్న 97 మందికి పన్నెండు వారాలపాటు బ్రకోలీ మొలకల సారం గానీ, ఉత్తి పొడి గానీ ఇచ్చి చూశారు. ఊబకాయం ఉండి, షుగర్ అదుపులో లేనివాళ్లకు సారం వల్ల పరగడుపు షుగర్, మూడు నెలల సగటు రెండూ కొంత తగ్గాయి. 2025లో స్వీడన్‌లోనే, షుగర్ సరిహద్దులో ఉన్నవాళ్ల మీద ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది. అందులో పరగడుపు షుగర్ తగ్గింది సగటున డెసిలీటరుకు మూడు, నాలుగు మిల్లీగ్రాములే. కళ్లు, కిడ్నీలు, కాళ్లు పాడవకుండా సల్ఫోరఫేన్ ఆపిందని మనుషుల్లో పెద్ద పరీక్ష ఏదీ ఇంకా చూపలేదు. ఇది మేలు చేయొచ్చన్న ఆశే తప్ప మందు కాదు. ఈ తేడా మీరు మనసులో పెట్టుకుంటేనే మిగతాది చదవండి.

ఇక అసలు కిటుకు. కోయని బ్రకోలీలో సల్ఫోరఫేన్ దాదాపు ఉండదు. అక్కడ ఉండేది గ్లూకోరఫనిన్ అనే మూలపదార్థం. దాని పక్కనే వేరే అరల్లో మైరోసినేజ్ అనే ఎంజైము ఉంటుంది. కత్తి పడినప్పుడో, పన్ను పడినప్పుడో అరలు పగిలి రెండూ కలుస్తాయి. అప్పుడే సల్ఫోరఫేన్ పుడుతుంది. ఈ ఎంజైము వేడికి తట్టుకోలేదు. కోసిన వెంటనే మరిగే నీళ్లలో వేస్తే ఎంజైము చచ్చిపోతుంది. పేగుల్లోని సూక్ష్మజీవులు కొంత మార్చగలవు గానీ, అది మనిషికో రకంగా, చాలా తక్కువగా జరుగుతుంది.

మా పిల్లలకు క్లాసులో ఇది ఆవాలతో చూపిస్తాను. పొడి ఆవాలు వాసన చూస్తే ఏమీ ఉండదు. నీళ్లు చల్లి నూరితే ఘాటు ముక్కుకెక్కి కళ్లమ్మట నీళ్లొస్తాయి. ఆ ఘాటు ఆవగింజలో ముందే లేదు. నూరినప్పుడు, తడి తగిలినప్పుడు, ఇదే జాతి ఎంజైము పనిచేసి పుట్టించింది. బ్రకోలీ, ఆవాలు, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి అన్నీ ఒకే కుటుంబం.

మొదలుపెట్టే ముందు కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి

మూడు నెలల సగటు షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ. బీపీ. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్‌కూ, క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థానికీ ఉన్న నిష్పత్తి, ఇది 30 దాటకూడదు. రక్తంలో క్రియాటినిన్. వీటితోపాటు ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేసి రెటీనా చూపించుకోవాలి. డాక్టరుగారి చేత పాదాలకు సన్న నైలాన్ దారంతో స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. మూత్రం పరీక్షను చాలామంది వదిలేస్తారు. క్రియాటినిన్ బాగానే ఉంది కదా అంటారు. కిడ్నీలోని సన్న నాళాలు కారడం మొదలైందని ముందు చెప్పేది ఆ మూత్రం పరీక్షే. క్రియాటినిన్ పెరిగేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతున్నవాళ్లు బి12 కూడా చూపించుకోండి. ఆ మాత్ర బి12ను తగ్గిస్తుంది. బి12 తగ్గినా తిమ్మిర్లే వస్తాయి. అమ్మకు ఆ లోటు కూడా ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రక్తనాళాలను కాపాడతాయని గట్టిగా రుజువైనవి ఏవో కూడా ఇక్కడే చెప్పాలి. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వచ్చిన పెద్ద పరీక్షలో, షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవాళ్లకు హెచ్‌బీఏ1సీ 7.0, మామూలు వైద్యం పొందినవాళ్లకు 7.9 వచ్చింది. అంత చిన్న తేడాతోనే సన్న నాళాల జబ్బులు నాలుగో వంతు తగ్గాయి. అదే పరీక్షలో బీపీని గట్టిగా అదుపు చేసినవాళ్లకు సన్న నాళాల జబ్బులు 37 శాతం తగ్గాయి. అందుకే మాత్రలు, బీపీ, నడక, పొగ మానడం ముందు. కూర ఆ తర్వాత. మాత్ర తగ్గించి కూర పెంచే ఆలోచన ఒక్క రోజుకు కూడా వద్దు.

కొనేటప్పుడు

బ్రకోలీ చల్లని ప్రాంతాల పంట. మన దగ్గర ఏడాదంతా దొరికినా, మంచిది కొనాలంటే చలికాలమే. పువ్వు ముదురాకుపచ్చగా, గట్టిగా, మొగ్గలు ముడుచుకుని ఉండాలి. పసుపు రంగు తిరిగితే వదిలేయండి. కాడ తెగిన చోట ఎండిపోయి పగుళ్లుంటే అది కోసి చాలా రోజులైంది. కాడ పారేసే అలవాటు ఉంటే మానండి. పైతొక్క చెక్కేస్తే లోపలిది లేతగా, తియ్యగా ఉంటుంది, మూలపదార్థం అందులోనూ ఉంది.

ఫ్రీజర్‌లో ఉండే ప్యాకెట్లు కొనొద్దని చెప్పను. కానీ వాటిని గడ్డకట్టించే ముందు వేడినీళ్లలో ముంచి తీస్తారు. అక్కడే ఎంజైము పోతుంది. అవి కొంటే కింద చెప్పే ఆవ తప్పనిసరి.

ధర మాట కూడా చెప్పాలి. బ్రకోలీ కొనలేని నెలలో నేను కొనను. క్యాబేజీ, ముల్లంగి చవక. వాటి సంగతి ముందుకు వస్తుంది.

కడగడం, కోయడం, ఆగడం

పువ్వును కోయకముందే కడగండి. పెద్ద రెమ్మలుగా విడదీసి, ఉప్పు, పసుపు వేసిన గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు తలకిందులుగా ముంచండి. పురుగులుంటే బయటకు వస్తాయి. గోరువెచ్చన అంటే చెయ్యి హాయిగా పెట్టగలిగేంత. పొగలొచ్చే నీళ్లు పోస్తే మొదటి అడుగులోనే పని చెడుతుంది. తీసి మంచినీళ్లతో కడిగి, నీళ్లు ఓడ్చాకే కోయండి. చిన్నచిన్న ముక్కలు చేశాక కడిగితే మూలపదార్థం నీళ్లలో కరిగిపోతుంది.

ఇప్పుడు వీలైనంత సన్నగా తరగండి. ముక్క ఎంత చిన్నదైతే అంత ఎక్కువ అరలు పగులుతాయి. తరిగినవాటిని పళ్లెంలో పరిచి, పైన గుడ్డ కప్పి, నలభై నిమిషాలు అలాగే వదిలేయండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఈ నలభై నిమిషాల్లో ఎంజైము తన పని తాను చేస్తుంది. ఒకసారి సల్ఫోరఫేన్ పుట్టాక, ఎంజైము లేకపోయినా పర్వాలేదు. కొద్దిసేపటి వేడిని అది ఓర్చుకుంటుంది.

మొదట్లో నాకిది కుదరలేదు. ఏడున్నరకు కాలేజీ బస్సు. కూరలు తరిగి నలభై నిమిషాలు కూర్చునే తీరిక ఏ ఇంట్లో ఉంటుంది? రెండు నెలలు ప్రయత్నించి, ఆదివారాలకు మాత్రం ఆ పద్ధతి ఉంచుకున్నాను. మిగతా రోజులకు మా నాయనమ్మ వంట గుర్తొచ్చింది.

ఆవ పెట్టడం

పనసపొట్టుకి, కందకి, అరటికాయకి ఆవ పెట్టి వండడం మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. పచ్చి ఆవాలు నూరి, కూర దించాక కలుపుతారు. "ఆవ పెట్టాక పొయ్యి మీద పెట్టకూడదు, చేదొస్తుంది" అనేది నాయనమ్మ. ఇంగ్లండ్ పరిశోధకులు 2018లో చేసి చూసింది సరిగ్గా ఇదే. పన్నెండు మంది ఆరోగ్యవంతులకు 200 గ్రాముల ఉడికిన బ్రకోలీ ఒకసారి ఉత్తిగా, ఇంకోసారి ఒక గ్రాము పచ్చి ఆవపిండి చల్లి పెట్టారు. ఆవపిండి చల్లినప్పుడు ఒంటికి అందిన సల్ఫోరఫేన్ నాలుగు రెట్లకు పైగా పెరిగింది. బ్రకోలీలో చచ్చిపోయిన ఎంజైము స్థానంలో ఆవాల ఎంజైము వచ్చి పని పూర్తిచేసిందన్నమాట. ఆ వ్యాసం చదివిన రోజు నేను అమ్మను లేపి మరీ చెప్పాను.

నలుగురికి నేను చేసే కొలత ఇది. ఒక మోస్తరు బ్రకోలీ పువ్వు, కాడతో కలిపి 400 గ్రాములు. ఒక టీస్పూను ఆవాలు, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు.

ముందు ఆవ నూరుకోండి. రోలుంటే రోట్లో, లేకపోతే మిక్సీ చిన్న జారులో రెండు చెంచాల చల్లని నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పండి. ఒక్కసారిగా ఎక్కువసేపు తిప్పితే జారు వేడెక్కి చేదు వస్తుంది. మూత తీసి వాసన చూడండి. ముక్కుకి ఎక్కిందా? అయితే ఎంజైము బతికే ఉంది. ఘాటు లేకపోతే ఆవాలు పాతవి, లేదా వేయించినవి. మార్చండి. ఇంతకంటే మంచి పరీక్ష మీకు ఏ ల్యాబులోనూ అక్కర్లేదు.

ఇడ్లీపాత్రలో నీళ్లు మరగనిచ్చి, చిల్లుల పళ్లెంలో ముక్కలు వేసి మూత పెట్టండి. గడియారం చూసి మూడు నిమిషాలు. ముక్క ముదురాకుపచ్చ నుంచి మెరిసే ఆకుపచ్చకు తిరుగుతుంది, కొరికితే కరకరమంటుంది. అప్పుడే దించేయండి. ప్రెషర్ కుక్కర్ ఈ కూరకు పనికిరాదు. నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంచేయడం అన్నిటికంటే చెడ్డది, సగం సారం ఆ నీళ్లలోనే పోతుంది.

మూకుట్లో రెండు టీస్పూన్ల నూనె వేసి మినప్పప్పు, సెనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టుకోండి. పోపులో ఆవాలు వేసుకోవాలంటే వేసుకోండి, కానీ అవి ఈ లెక్కలోకి రావు. కాగిన నూనెలో చిటపటలాడిన ఆవగింజలో ఎంజైము మిగలదు. ముక్కలు పోపులో వేసి, ఒక్కసారి తిప్పి, పొయ్యి కట్టేయండి. కూర మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఆవ కలపండి. మూత పెట్టి పది నిమిషాలు ఉంచండి. పులుపు కావాలంటే నిమ్మరసం తినబోయే ముందు పిండుకోండి, ఎందుకంటే పులుపు ఎంజైమును నెమ్మది చేస్తుంది. తర్వాత మళ్లీ వేడి చేయొద్దు. క్యారేజీలో పెట్టుకున్నా మధ్యాహ్నం చల్లగానే తినండి.

మొదటిసారి ఆవ ఎక్కువ అనిపించొచ్చు. అలవాటు లేనివాళ్లు అర టీస్పూనుతో మొదలుపెట్టండి. కడుపులో పుండు, ఛాతీలో మంట ఉన్నవాళ్లు ఎండుమిర్చి పూర్తిగా మానేసి, ఆవ కూడా చిటికెడే వేసుకోండి.

మరి మన ఆవకాయలో కూడా పచ్చి ఆవపిండే కదా అని గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా వదిన అడిగింది. నిజమే. కానీ ఆవకాయలో ఉప్పు ఎంతో ఆమెకు నాకంటే బాగా తెలుసు. రోజుకు మనిషికి ఐదు గ్రాముల లోపే ఉప్పుండాలి. షుగర్‌తో పాటు బీపీ ఉన్నవాళ్లకు, కిడ్నీ ఇబ్బంది మొదలైనవాళ్లకు ఆవకాయను మందని చెప్పడం అన్యాయం. "వదినా, ఆవకాయ ఉన్న రోజు ఒక్క ముక్క తినండి, కూరలోకి మాత్రం వేరే ఆవపిండి తీసుకోండి" అన్నాను.

బ్రకోలీ లేనప్పుడు

సల్ఫోరఫేన్ మూలపదార్థం ఎక్కువగా ఉండేది బ్రకోలీలోనే. తెల్ల క్యాబేజీలో కొంచెమే ఉంటుంది, ఎర్ర క్యాబేజీలో ఇంకాస్త ఎక్కువ. ముల్లంగిలో ఉండేది దాని చెల్లెలు లాంటి సల్ఫోరఫీన్. అక్షరం తేడా కాదు, అది వేరే పదార్థమే, కుటుంబం మాత్రం ఒకటే. కాబట్టి క్యాబేజీ తిన్నా అంతే అని నేను చెప్పను. కానీ పీచు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ, చవక. ఈ మూడు కారణాలు చాలు.

క్యాబేజీని కత్తిపీట మీద సన్నగా తరిగి, అరగంట ఉంచి, నానబెట్టిన పెసరపప్పుతో కలిపి మూతపెట్టి ఐదు నిమిషాలు మగ్గించండి. మెత్తగా, గోధుమరంగు తిరిగేదాకా వేయించే పద్ధతి మానండి. ముల్లంగి తురిమి పది నిమిషాలు ఉంచి, పెరుగులో కలిపి, కాస్త ఆవ పెడితే మంచి పెరుగుపచ్చడి అవుతుంది. అది మా అమ్మకు ఇష్టం. ముల్లంగి ఆకులు పారేయకుండా పప్పులో వేయండి. కాలీఫ్లవర్‌ను బజ్జీలకో, నూనెలో మునిగే వేపుళ్లకో వాడకుండా, బ్రకోలీలాగే ఆవిరి పట్టి ఆవ పెట్టండి.

ఎంత, ఎన్నిసార్లు

సల్ఫోరఫేన్ తిన్న రెండు మూడు గంటల్లో రక్తంలోకి చేరి, చాలావరకు ఒక రోజులోపే మూత్రంలో బయటకు వెళ్లిపోతుంది. అందుకని ఆదివారం ఒక్కరోజు గిన్నెడు తిని వారమంతా మానేయడం కంటే, వారంలో నాలుగు రోజులు కప్పు చొప్పున తినడం మంచిది. మా ఇంట్లో బ్రకోలీ రెండు రోజులు, క్యాబేజీ ఒక రోజు, ముల్లంగి ఒక రోజు.

ఈ కూర అన్నంలోకి కలుపుకునే కూర కాదు. కంచంలో సగం ఈ కూరే ఉండాలి. కృష్ణా జిల్లా ఇళ్లలో అన్నం గుట్టగా పెట్టుకుని పక్కన రెండు చెంచాల కూర వేసుకుంటాం. అదే కొనసాగిస్తే ఏ ఆవా ఆ షుగర్‌ను ఆపలేదు. ముందు కూర సగం తిని, తర్వాత కప్పు అన్నం, పప్పు, మజ్జిగ. ఈ వరుస మార్చడానికి అమ్మకు నెల పట్టింది. కసిరి చెప్పిన రోజున తినలేదు. నేనూ అలాగే తిన్న రోజున తింది.

ఎవరు జాగ్రత్త పడాలి

గుండె కవాటం ఆపరేషన్ అయ్యో, రక్తం గడ్డలు కట్టకుండానో వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ కూరలు ఒక్కసారిగా పెంచొద్దు. బ్రకోలీలో విటమిన్ కె ఎక్కువ, ఆ మాత్ర పనిని అది తగ్గిస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరి పొటాషియం తక్కువ తినమన్నవాళ్లు కూడా కొలత అడగాలి. థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్లు పచ్చివి, రసాలు మానేసి, ఆవిరి పట్టినవి మామూలు కొలతలో తినొచ్చు. షుగర్ తగ్గే మాత్రలో, ఇన్సులినో వాడుతూ అన్నం బాగా తగ్గించేవాళ్లు చెమటలు, వణుకు వస్తే వెంటనే షుగర్ చూసుకోవాలి.

క్యాప్సూళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వదిన ఫోన్‌లో ప్రకటన చూసి, "ఈ వంటంతా ఎందుకమ్మా, రోజుకొక బిళ్ల వేసుకుంటే పోలా?" అంది. నేను వద్దన్నాను. కారణం ఉంది. ఎన్‌ఆర్‌ఎఫ్2ను గట్టిగా మేల్కొలిపే బార్డాక్సోలోన్ అనే మందును, షుగర్ వల్ల కిడ్నీ జబ్బు బాగా ముదిరిన రెండు వేలకు పైగా రోగుల్లో పరీక్షించారు. ఆ మందు తీసుకున్నవాళ్లలో గుండె వైఫల్యం ఎక్కువగా కనిపించడంతో 2012లో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. సల్ఫోరఫేన్ ఆ మందు కాదు, కూరలో దొరికే మోతాదు అంత కాదు. కానీ మంచి తలుపును బలంగా తోస్తే ఇంకా మంచి జరుగుతుందనుకోవడం ఎంత పొరపాటో అక్కడ తెలిసింది. పైగా చాలా బిళ్లల్లో మూలపదార్థమే ఉంటుంది, ఎంజైము ఉండదు. కూరగానే తినండి.

మొలకల విషయంలోనూ నాది జాగ్రత్త మాటే. మూడు రోజుల బ్రకోలీ మొలకల్లో మూలపదార్థం ముదిరిన పువ్వులో కంటే 10 నుంచి 100 రెట్లు ఉండొచ్చని 1997లో తలలే బృందమే చూపింది. నేనూ రెండు చలికాలాలు పెంచాను. కానీ మన ఊరి ఉక్కలో గింజ మొలకెత్తే తడిలోనే చెడ్డ క్రిములూ పెరుగుతాయి. పెంచాలనుకుంటే డిసెంబరు, జనవరిలోనే పెంచండి. తినడానికని అమ్మే గింజలే కొనండి, విత్తనాల దుకాణంలో రంగు మందు పట్టించినవి విషం. రోజుకు మూడుసార్లు కడగండి, మూడో రోజు ఫ్రిజ్‌లో పెట్టండి, జిగురో వాసనో వస్తే పారేయండి. గర్భిణులకు, బాగా పెద్దవాళ్లకు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు పచ్చి మొలకలు పెట్టొద్దు. అమ్మకు నేను పెట్టలేదు.

మూడు నెలల తర్వాత

కాగితం మీద రాసుకున్న అంకెలను మళ్లీ చూడండి. సగటు షుగర్ మూడు నెలలకు, మూత్రం పరీక్ష డాక్టరుగారు చెప్పినప్పుడు. అంకెలు మారకపోతే కూర పనిచేయలేదని మానేయకండి, మాత్ర మోతాదు మార్చాలేమో అడగండి. తగ్గితే కూర వల్లే అని మీకు మీరు మాత్ర తగ్గించుకోకండి. కంచంలో అన్నం తగ్గినందుకు, నడిచినందుకు, మాత్ర వేళకు వేసుకున్నందుకు, కూరకు, ఎవరి వాటా ఎంతో ఇంట్లో కూర్చుని ఎవరూ విడదీసి చెప్పలేరు.

రాత్రి భోజనమయ్యాక చేసే పని ఒకటుంది, దానికి రెండు నిమిషాలు చాలు. అమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. నేను ఫోన్ లైటు వేసి అరికాళ్లు, మడమలు, వేళ్ల సందులు చూస్తాను. చూసేవాళ్లు లేనివాళ్లు నేల మీద చిన్న అద్దం పెట్టి పాదం దానిపైన ఉంచి చూసుకోవచ్చు. మడమలకు కొబ్బరినూనె రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం రాయొద్దు, తడి నిలిచి పాస్తుంది. వేడినీళ్ల కాపడాలు వద్దు, ఎంత వేడో ఆ కాలికి తెలియదు. బొబ్బ, పుండు, రంగు మారిన చోటు, ఏది కనిపించినా మర్నాడే డాక్టరుకు చూపించండి. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి. అమ్మ ఇప్పుడు అవే వేసుకుని రైతుబజారుకు వెళ్తోంది, ఎండ ఎక్కకముందే వచ్చేస్తోంది.